చదవడానికీ రాయడానికీ ఒకే పేపరు పెట్టండి

రాయలసీమ విశ్వవిద్యాలయాల తెలుగు, ఇంగ్లీషు బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు,

నమస్కారం.

సిలబస్ మారుతోందంటే మా స్టాఫ్‌రూమ్‌లో మొదట అడిగేది ఏ పాఠం పోయింది, ఏ పాఠం వచ్చింది అని. ప్రశ్నపత్రం నమూనా గురించి ఎవరూ అడగరు. అది మారదని అందరికీ తెలుసు. ఈ లేఖ ఆ నమూనా గురించే. పాఠాలు మీరు ఏవి పెట్టినా నాకు అభ్యంతరం లేదు. పరీక్ష హాల్లో మాత్రం విద్యార్థి అంతకుముందు ఎన్నడూ చూడని ఒక పాఠ్యాన్ని అతని ముందు పెట్టండి. చదవనివ్వండి, దాని మీద రాయనివ్వండి. ఎంత చదవగలడో, ఎంత రాయగలడో రెండూ ఆ ఒక్క రాతలోనే చూడండి. భాషా పేపర్లలో కనీసం మూడో వంతు మార్కులు దీనికి కేటాయించమని అడుగుతున్నాను.

నేను కడపలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్తాను. ఇప్పుడున్న పరీక్ష ఎలా నడుస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. 2020-21 నుంచి వచ్చిన సిలబస్‌లో సెమిస్టర్ చివరి పరీక్షకు 75 మార్కులు, ఇంటర్నల్‌కు 25. ఆ 75లో ప్రతిపదార్థం, సందర్భ సహిత వ్యాఖ్యలు, వ్యాసరూప ప్రశ్నలు, లఘు ప్రశ్నలు. ఏ పాఠం నుంచి ఏ ప్రశ్న వస్తుందో అయిదేళ్ల పాత పేపర్లు తిరగేస్తే తెలిసిపోతుంది. మా ఊళ్ళో ఏ పుస్తకాల షాపుకు వెళ్లినా గైడు దొరుకుతుంది, పాఠ్యపుస్తకమే దొరకదు. కాబట్టి పాఠం తెరవకుండానే తెలుగులో డెబ్భై మార్కులు తెచ్చుకునే దారి ఉంది. పిల్లలు ఆ దారినే పోతున్నారు, వాళ్ళను తప్పుపట్టలేను. పరీక్ష ఏది అడిగితే వాళ్ళు అదే నేర్చుకుంటారు, మేమూ అదే చెప్తాం.

గైడులోని జవాబు కంఠస్థం చేసి దించేయడంలో చదవడం ఎక్కడుంది? రాయడం ఎక్కడుంది? చేతి కండరాలకు మాత్రం పని దొరుకుతుంది.

ఒక తరగతిలో జరిగింది చెప్తాను. బీకాం పిల్లలకు వేరుశనగ పంట బీమా మీద ఒకటిన్నర పేరా ఇచ్చాను. వాతావరణ ఆధారిత బీమా ఎలా పనిచేస్తుందో అందులో ఉంది: పరిహారం లెక్కగట్టేది ఆ ప్రాంతానికి పెట్టిన వర్షమాపకంలో నమోదైన వానను బట్టి, ఒక్కో రైతు చేనులో పంట ఎంత పోయిందో చూసి కాదు. చదివి, ఈ పద్ధతిలో రైతుకు ఏ ఇబ్బంది రావచ్చో పది వరుసల్లో రాయమన్నాను. వేంపల్లె వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి, సొంతంగా చెనక్కాయలు పండించే ఇంటి పిల్లవాడు, ముత్యాల్లాంటి అక్షరాలతో పేజీ నింపాడు. "రైతే దేశానికి వెన్నెముక. రాయలసీమ కరువు సీమ. అతివృష్టి, అనావృష్టి వల్ల రైతులు అప్పుల పాలవుతున్నారు. ప్రభుత్వం రైతులను ఆదుకోవాలి." నేనిచ్చిన పేరాలోని ఒక్క ముక్క కూడా అందులో లేదు. పదో తరగతి నుంచి రాస్తున్న వ్యాసమే మళ్ళీ రాశాడు. పైన "రైతు", "బీమా" అన్న మాటలు కనిపించగానే కింద ఏముందో చూడకుండా చేయి తనంతట తానే పోయింది.

పక్కన కూర్చుని అడిగాను: "వర్షమాపకం దగ్గర వాన పడి, మీ చేనులో పడకపోతే మీ నాయనకు డబ్బు వస్తుందా?" అతను మళ్ళీ పేరా చదివాడు. ఈసారి నిజంగా చదివాడు, వేలు పెట్టుకుని, ఒక వాక్యం దగ్గర ఆగి వెనక్కి వెళ్ళి. "రాదు మేడమ్" అన్నాడు. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. వాళ్ళ ఊరికీ మండల కేంద్రానికీ మధ్య గుట్ట ఉందట, అటు పడిన వాన ఇటు పడదట. అదే రాయమన్నాను. నాలుగు వాక్యాలు రాశాడు: "వాన మండలంలో పడితే మా ఊర్లో కూడా పడినట్టు రాసుకుంటారు. మాకు గుట్ట అడ్డం ఉండాది. పంట ఎండినా డబ్బు రాదు. వాళ్ళు కొలిచేది మా చేనును కాదు, వాన గిన్నెను."

మొదటి పేజీకి ఇప్పటి పద్ధతిలో పదికి ఏడు పడతాయి. రెండో దానికి "చాలా క్లుప్తం" అని నాలుగు వేస్తారు. నా బాధంతా ఇదే. ఆ నాలుగు వాక్యాలు రాసిన పిల్లవాడు ఒక పాఠ్యాన్ని చదివాడు, తనకు తెలిసిన బతుకుతో పోల్చుకున్నాడు, అందులో లేని పర్యవసానాన్ని పట్టుకున్నాడు, ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పాడు. డిగ్రీ చదువు ఇవ్వాల్సింది అదే. దాన్ని మన మార్కుల పట్టిక గుర్తించదు.

"కాంప్రహెన్షన్ ఉంది కదా" అని ఇంగ్లీషు బోర్డు సభ్యులు అనవచ్చు. ఉంది. ఒక పేరా ఇచ్చి, కింద అయిదు చిన్న ప్రశ్నలు. కర్నూలు-కడప కాలువ మీద పేరా ఇస్తే "ఈ కాలువను తవ్వించిన కంపెనీ పేరేమి" అని అడుగుతాం. పిల్లవాడు "కంపెనీ" అన్న మాట వెతుక్కుని "మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ" అని దించేస్తాడు. కాలువ అంటే ఏమిటో తెలియకపోయినా రెండు మార్కులు పడిపోతాయి. అదే పేరా ఇచ్చి ఇలా అడగండి: పొలాలకు నీళ్ళివ్వడానికీ, పడవలు నడపడానికీ ఒకే కాలువ తవ్విన కంపెనీ చివరికి దాన్ని 1882లో ప్రభుత్వానికి ఎందుకు అమ్ముకోవాల్సి వచ్చింది? పేరాలో ఉన్న ఆధారాలతో ఆరు వాక్యాల్లో, నీ మాటల్లో రాయి. ఇప్పుడు దించడానికి ఏమీ ఉండదు. పేరాలో మూడు చోట్ల చెదిరి ఉన్న సంగతులను ఒక చోటికి తెచ్చుకోవాలి. అర్థం కాకపోతే రాయలేడు, రాయబోతే ఏది అర్థం కాలేదో తనకే తెలుస్తుంది.

ఇక మన వ్యాసరచన. వరకట్నం, పర్యావరణం, సెల్‌ఫోన్ వల్ల లాభనష్టాలు. విద్యార్థి ముందు చదవడానికి ఒక్క కాగితం ఉండదు, గాల్లోంచి రాయాలి. గాల్లోంచి రాయమంటే అరిగిపోయిన మాటలే వస్తాయి, ఇంకేం వస్తాయి? మన పరీక్షల్లో చదివే చోట రాయడం లేదు, రాసే చోట చదవడం లేదు.

ఈ సంగతి మనకంటే ముందు గుర్తించి ప్రయత్నాలు చేసినవాళ్ళు ఉన్నారు. అమెరికాలో కాలేజీలో చేరే పిల్లలకు పరీక్ష పెట్టి, వెనకబడినవాళ్ళను చదవడానికి ఒక క్లాసుకూ రాయడానికి ఇంకో క్లాసుకూ పంపేవారు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో ఆ రెండింటినీ కలిపి ఒకే కోర్సుగా నడిపారు. టెక్సాస్ రాష్ట్రం 2015 నాటికి ఈ స్థాయి చదవడం, రాయడం కోర్సులను కలపాలని కాలేజీలకు నిబంధన పెట్టింది. అక్కడి ప్రవేశ అర్హత పరీక్షలో చదవడానికీ రాయడానికీ వేర్వేరు భాగాలుండేవి, 2021లో వచ్చిన కొత్త పరీక్షలో రెండూ ఒకే భాగమయ్యాయి. అక్కడి పద్ధతిని తెచ్చి ఇక్కడ పెట్టమని నేను అడగడం లేదు. వాళ్ళ పిల్లలు వేరు, వాళ్ళ ఇబ్బందులు వేరు. పైగా కలపడమంటే సగం పీరియడ్ ఇది, సగం పీరియడ్ అది చెప్పడం కాదు. అలా చేస్తే పేరు మారుతుంది, పని మారదు. చదివిన దాని మీదే రాయించాలి, రాసిన దాన్ని పట్టుకుని మళ్ళీ చదివించాలి.

ఆ మాటకొస్తే కడపకు ఇది కొత్త కూడా కాదు. 1820లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ ఒక బంగళా కొని, పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి దొరికిన రకరకాల రాతప్రతులను పక్కపక్కన పెట్టి చదివించాడు. తేడాలు రాయించాడు, తాను చదువుతూ నోట్సు రాసుకున్నాడు. 1829లో అచ్చయిన వేమన పద్యాలూ, 1852 నాటి నిఘంటువూ ఆ కలం పట్టుకుని చదివే అలవాటులోంచి వచ్చినవే. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం నడుస్తోంది. మా పిల్లల్లో చాలామంది రోజూ ఆ దారినే కాలేజీకి వస్తారు.

ఏ పాఠ్యాలు ఇవ్వాలి అని అడుగుతారేమో. కొదవే లేదు. శ్రీబాగ్ ఒడంబడికను తీసుకోండి. 1937 నవంబరు 16న మద్రాసులో కోస్తాంధ్ర, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన ఆ ఒప్పందం గట్టిగా రెండు పేజీలు. సీమ పిల్లల్లో దాని పేరు వినని వాడు లేడు, సభల్లో దాని మీద ఆవేశంగా మాట్లాడని నాయకుడూ లేడు. చదివినవాళ్ళు ఎందరు? నేను క్లాసులో తెలుగు చేసి ఇచ్చినప్పుడు పిల్లలు ఆశ్చర్యపోయారు. విశ్వవిద్యాలయ కేంద్రాలు వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి అని అందులో ఉంది. తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్ళ విషయంలో పదేళ్ళ పాటు, అవసరమైతే అంతకన్నా ఎక్కువ కాలం, సీమకు ప్రాధాన్యం ఇవ్వాలని ఉంది. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో కోరుకునే అవకాశం సీమకే ఇచ్చారు. దీని పక్కన 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని కావడం, 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోవడం గురించి ఒక చిన్న పేరా ఇచ్చి, "ఒడంబడికలోని హామీల్లో గడువు ఉన్నవి ఏవి, లేనివి ఏవి? గడువు లేని హామీని నిలబెట్టుకోవడం ఎవరి బాధ్యత?" అని అడిగాను. క్లాసులో వాదన రేగింది. బెల్ కొట్టినా ఆగలేదు. ప్రతి వాదనకూ "ఏ వాక్యంలో ఉంది చూపించు" అని ఒకరినొకరు నిలదీసుకున్నారు. చదవడం అలవాటు లేదనుకున్న పిల్లలే ఆ రెండు పేజీల కాగితం నలిగిపోయేదాకా చదివారు. తర్వాత రాసినవి చూస్తే ఆవేశం తగ్గి ఆధారం పెరిగింది. ఇలాంటివి మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. పంచాయతీ నోటీసు, బ్యాంకు రుణ పత్రం, ఒక జీవో, ఉద్యోగ నోటిఫికేషన్, ఒక మంచి కథలో రెండు పేజీలు, వేమన పద్యాలు రెండు పక్కపక్కన.

ఇప్పుడు అసలు చిక్కు: మార్కులు ఎలా వేయాలి? రెండూ కలిపి కొలిస్తే ఒక అన్యాయం జరిగే ప్రమాదం ఉంది. బాగా అర్థం చేసుకున్న పిల్లవాడు వాక్యం సరిగ్గా కూర్చలేక అన్ని మార్కులూ పోగొట్టుకోవచ్చు. అర్థం కాని పిల్లవాడు సొగసైన మాటలతో గట్టెక్కవచ్చు. అందుకే ఒకే జవాబుకు రెండు విడి మార్కులు వేయండి. మొదటిది పాఠ్యం ఎంతవరకు అందిందో చూసేది: ముఖ్యమైన సంగతి పట్టుకున్నాడా, పాఠ్యంలో లేనిది ఉన్నట్టు రాశాడా, ఆధారం చూపాడా. రెండోది ఎలా చెప్పాడో చూసేది: వాక్యాలు ఒకదానికొకటి అతుకుతున్నాయా, చదివేవాడికి తికమక లేకుండా ఉందా, అక్షరదోషాలు అర్థాన్ని చెడగొట్టాయా. ఒకటి ఎనిమిది, ఒకటి మూడు వచ్చినా రానివ్వండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తేనే ఏ పిల్లవాడికి ఏం నేర్పాలో నాకు తెలుస్తుంది. ఇప్పుడు "పదికి అయిదు" అని వేస్తే అది ఎవరికీ ఏమీ చెప్పదు.

ఇక్కడే ఇంకో మాట. ఉండాది, చెప్పినాడు, ఆడ, ఈడ అని మా పిల్లలు రాస్తారు. ఇంట్లో మాట్లాడేదే కాగితం మీద పడుతుంది. వాటి కింద ఎర్ర గీత గీసి, అర్థం చేసుకున్నందుకు వేయాల్సిన మార్కులో కోత పెట్టేవాళ్ళను వాల్యుయేషన్‌లో చూశాను. ఇది చాలా తప్పు. పత్రికా భాష నేర్పాల్సిందే, నేర్పుతాను. ఆ లెక్క రెండో మార్కులో చూసుకుందాం, అదీ కొద్దిగా. మొదటి మార్కు జోలికి అది రాకూడదు. కడప, కర్నూలుల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు, రాయదుర్గం, మడకశిర వైపు కన్నడం మాట్లాడే పిల్లలున్నారు. వాళ్ళ తెలుగు వాక్యం కొంచెం పక్కకు ఒరిగి ఉంటుంది. అంతమాత్రాన వాళ్ళకు పాఠ్యం అర్థం కానట్టు కాదు.

ఇంగ్లీషు బోర్డు వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది ఉంది. 2021-22 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లీషు మీడియం అయింది. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన అమ్మాయి ఎకనామిక్స్ పుస్తకం తెరిస్తే వాక్యం మొదలు దొరుకుతుంది, చివర దొరకదు. టెన్షన్ పడిపోయి గైడు కొనుక్కుని, అర్థం కాని ఇంగ్లీషును కంఠస్థం చేస్తుంది. ఆ అమ్మాయికి ప్రిపోజిషన్ల మీద బిట్లు పెట్టి ఏం లాభం? ఆమె ఎకనామిక్స్ పుస్తకంలోంచే ఒక పేజీ ఇవ్వండి. చదివి అందులో ఏముందో ముందు తెలుగులో రాయనివ్వండి, తర్వాత ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. తెలుగు, ఇంగ్లీషు బోర్డులు కలిసి కూర్చుంటేనే ఇది అవుతుంది. ఈ లేఖ ఇద్దరికీ కలిపి రాయడానికి కారణం అదే. గ్రూప్-1 మెయిన్స్‌లో తెలుగు, ఇంగ్లీషు అర్హత పేపర్లున్నాయి. కోచింగ్ కోసం హైదరాబాదు పోయి వేలకు వేలు పోసి మా పిల్లలు నేర్చుకునే సంక్షిప్తీకరణ మూడేళ్ళ డిగ్రీలో ఇక్కడే రావాల్సింది.

మీరు చెప్పబోయే ఇబ్బందులు నాకు తెలుసు, నేనూ వాటి మధ్యే ఉన్నాను. స్పాట్ వాల్యుయేషన్‌లో పేపర్ల కట్టలు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఎవరికి తీరిక? అందుకే మొత్తం పేపరు మార్చమనడం లేదు. 75లో 25 చాలు, ఒకే పాఠ్యం మీద రెండు జవాబులు. వాల్యుయేషన్ మొదలయ్యే ముందు ఒక గంట అందరికీ అయిదు నమూనా జవాబులు ఇచ్చి, మార్కులు వేయించి, ఎక్కడ తేడాలొచ్చాయో మాట్లాడుకోనివ్వండి. ఆ గంట తర్వాత పని వేగంగానే సాగుతుంది. గైడు జవాబు వందసార్లు చదివే విసుగు కన్నా ఇది నయం.

తరగతిలో అరవై మంది, లెక్చరర్ ఒకరు, అదీ చాలా చోట్ల గెస్ట్ ఫ్యాకల్టీ. వారం వారం అరవై జవాబులు దిద్దడం మనిషి చేసే పని కాదు. నేను దిద్దను కూడా. వారానికి ఒకసారి చదివిన దాని మీద అయిదు వరుసలు రాయిస్తాను. పక్కవాడు చదివి, అర్థం కాని వాక్యం కింద గీత గీస్తాడు, అంతే, దిద్దడు. రాసినవాడు ఆ వాక్యాన్ని మళ్ళీ రాస్తాడు. నేను వంతులవారీగా పదింటిని చదువుతాను. ఇంటర్నల్ 25 మార్కులకు ఈ నోట్‌బుక్కే ఆధారమైతే, ఇప్పుడు అందరికీ ఇరవై రెండు, ఇరవై మూడు వేసి పంపించే బాధ తప్పుతుంది. ఇంటికిచ్చిన అసైన్‌మెంట్లు చాట్‌జీపీటీ రాసిపెడుతున్న ఈ రోజుల్లో, క్లాసులో కూర్చుని చేత్తో రాసిన ఆ అయిదు వరుసలే నమ్మదగినవి.

ఇంకొక భయం కూడా ఉంది, దాన్ని పైకి ఎవరూ అనరు: ఇలా పరీక్ష పెడితే ఫెయిలయ్యేవాళ్ళు పెరుగుతారని. మొదటి సెమిస్టర్‌లో పెరగవచ్చు. 2023లో పల్లెల్లో చేసిన అసర్ అనే విద్యా సర్వే 14 నుంచి 18 ఏళ్ళ వయసువారిలో దాదాపు నాలుగో వంతు మంది తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని కూడా ధారాళంగా చదవలేకపోతున్నారని చెప్పింది. అందులో కొందరు మా బెంచీల మీదే కూర్చున్నారు. గైడు పుణ్యమా అని వాళ్ళు పాసై వెళ్ళిపోతున్నారు, ఆ సంగతి ఎవరికీ తెలియకుండానే. తర్వాత బ్యాంకులో కాగితం చదవకుండా సంతకం పెడుతున్నారు. వాళ్ళను ఫెయిల్ చేయమని నేను అనడం లేదు. మొదటి ఏడాది ఈ 25 మార్కులకు పాస్ మార్కు పెట్టకండి, మొత్తంలో కలపండి. రెండో ఏడాది నుంచి పెట్టండి. ఆలోగా నేర్పే బాధ్యత మాది.

అన్ని కాలేజీల్లో ఒకేసారి వద్దనుకుంటే కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో కొన్ని కాలేజీలు ఎంచుకుని ఒక సెమిస్టర్ నడపండి. ఒక ప్రభుత్వ కాలేజీ, ఒక ఎయిడెడ్, ఒక ప్రైవేటు, ఒక మహిళా కాలేజీ అందులో ఉండేలా చూడండి. ఆ జవాబుపత్రాలను ఇద్దరిద్దరితో విడివిడిగా దిద్దించి, ఇద్దరి మార్కుల మధ్య ఎంత తేడా వచ్చిందో బయటపెట్టండి. తేడా మరీ ఎక్కువైతే మార్కుల పట్టిక మార్చుకుందాం. తగిన పాఠ్యాలు, వాటి మీద ప్రశ్నలు, పిల్లల పేర్లు తీసేసిన జవాబులు కొన్ని నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. రెండు బోర్డులూ కలిసి ఒక పూట కూర్చుంటామంటే అవన్నీ తీసుకుని ఏ ఊరికైనా వస్తాను. సెలవు పెట్టుకునేందుకు వారం ముందు చెప్తే చాలు.

ఇట్లు,
ఒక తెలుగు అధ్యాపకురాలు,
కడప